గట్టు సంగతి రేపు చెప్తానన్న సరంగుగారు

పోయిన గురువారం పొద్దున మా పక్కింటి సరంగుగారు పోయారు. వాళ్ల కోడలు గేటు దగ్గరకొచ్చి, "టీచరుగారూ, మావయ్యగారు లేవట్లేదండి, ఒకసారి వస్తారా" అంది. ముప్పై యేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పాను తప్ప నేను డాక్టర్ని కాను. అయినా వెళ్లి చెయ్యి పట్టుకుని చూశాను. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారు. ఎవరినీ కష్టపెట్టలేదని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నన్ను మాత్రం కష్టపెట్టారు. ముందురోజు సాయంత్రం నేనడిగిన ప్రశ్నకి "రేపు చెప్తానండి" అని మాటిచ్చి మరీ వెళ్లారు.

ఆ ప్రశ్నేమిటో తెలియాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. ఆట నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాబట్టి అర్థమైనంతే చెబుతాను.

మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. ఆదివారాలు ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి మా భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటుంది. తను కథ చెబుతుంటే తక్కినవాళ్లు అందులో మనుషులై మాట్లాడతారు. నడుమ పాచికలు వేస్తారు.

"ఎవరు గెలిచారే?" అని మొదటివారం అడిగాను.

"ఇందులో గెలవడం ఉండదమ్మమ్మా."

"పోనీ, ఓడిపోవడం?"

"అదీ అంతగా ఉండదు."

పొద్దున తొమ్మిదికి కూర్చుని, రెండు విడతలు పులిహోర తిని, మధ్యాహ్నం మూడింటికి ఎవరూ గెలవకుండా లేచేవాళ్లని నేను జన్మలో చూడలేదు.

అది తను సొంతంగా తయారు చేస్తున్న ఆట. నక్షత్రం నుంచి నక్షత్రానికి ఓడలు వెళతాయి. ఇంజిన్లుండవు, మంత్రంతో నడుస్తాయి. ఎలాంటి మంత్రమన్నదే చిక్కు. మొదట నీలిరాయి అంది. రాయిని తాకితే చాలు, ఓడ కోరిన చోట తేలుతుంది. పిల్లలు అరగంటలో విశ్వమంతా తిరిగొచ్చి, ఇక చేసేదేమీ లేక ఫోన్లు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే సరంగుగారు పేపరు కోసం వచ్చారు. లాంచీ చుక్కాని పట్టే మనిషిని మా వైపు సరంగు అంటారు. ఈయన రాజమండ్రి నుంచి పట్టిసీమకీ, ఆ పై ఊళ్లకీ నలభై యేళ్లు లాంచీ నడిపినవారు. పేపరు చంకలో పెట్టుకుని, బల్ల మీద పిల్లలు గీసుకున్న ఓడల దారుల పటాన్ని కాసేపు చూశారు.

"ఓడ బాగానే ఉందిగానీ అమ్మడూ, ఇదేం తాగుద్ది?"

"ఏం తాగదు తాతా, మంత్రం కదా."

"ఏమీ తాగనిది నడవదమ్మా. అయినా ఎక్కగానే దిగిపోతే అది ప్రయాణమెలా అవుద్ది? కాళ్లు తిమ్మిరెక్కాలి, ఆకలెయ్యాలి, పక్కోడితో తగువవ్వాలి."

మనవరాలు ఆయనకో కుర్చీ లాగింది. ఆ ఆదివారం కూర్చున్న మనిషి ఆరునెలల పాటు ఏ ఆదివారమూ మానలేదు. కుర్చీని ఎప్పుడూ గోదావరి వైపు తిప్పుకునేవారు. మా ఇంటికీ గోదావరికీ మధ్య నాలుగు వీధులూ, ఒక కల్యాణమండపమూ ఉన్నాయని చెప్పినా వినలేదు. ఎవరు మా గుమ్మం దిగుతున్నా "చెక్క తడిగా ఉంది, చూసుకుని దిగండి" అనేవారు. లాంచీలోంచి రేవులోకి వేసే చెక్క అది. మా గుమ్మానికున్నది నాపరాయి.

ఆయన అడిగేవన్నీ నీటి ప్రశ్నలే. అంతరిక్షంలో ఎగువెటు, దిగువెటు? ఈ నక్షత్రం మెరకా, పల్లమా? మట్టాలు తేడాగా ఉంటే మధ్యలో లాకులుండొద్దా? మన కాలువల మీద తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవని పై మట్టానికి లేపినట్టు లేపాలిగా?

"సరంగుగారూ, అక్కడ నీళ్లే లేవండి" అన్నాను.

"అయితే లాకులు ఇంకా కావాలండి" అన్నారు.

అది హాస్యమో వాదమో తెలియక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి పటం మీద నాలుగు లాకులు వెలిశాయి. ఒకదానికి కాపలాదారూ, అతనికి మాట వినని పెళ్లామూ కూడా ఏర్పడ్డారు. లాకు దగ్గర ఓడ ఆగాలి, ఆగితే మనుషులు మాట్లాడుకోవాలి. తన ఆటలో కథ పుట్టింది అక్కడేనని మనవరాలంటుంది.

అయినా ఓడని నడిపేదేమిటో తేలలేదు. కదిలేది ఏదైనా దేన్నో ఒకదాన్ని వెనక్కి తొయ్యాలి, శూన్యంలో ఏం తోస్తారని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"తొయ్యొద్దులెండి, లాగుదాం. మా నాన్న కాలవ పడవలు లాగేవోడండి. గాలి పడిపోతే తాడు భుజానేసుకుని గట్టెంట నడిచేవోడు. పడవలో మేమందరం నవ్వుకునేవాళ్లం, తినేవాళ్లం. మాకు ఆయన వీపొక్కటే కనపడేదండి."

నియమం అలా పుట్టింది. ప్రతి ప్రయాణానికీ ఓడలోంచి ఒకరు దిగి, తాడు భుజాన వేసుకుని నడవాలి. గమ్యం చేరేదాకా ఆ మనిషి మాట్లాడకూడదు, బల్ల దగ్గర తక్కినవాళ్ల మాటలు వింటూ ఉండాలి, అంతే. మంత్రం తాగేది ఆ మౌనాన్నే. పిల్లలు ముగ్గురూ ఒకేసారి బాగుందన్నారు.

నేనే ఒప్పుకోలేదు. గట్టు వెంట నడవాలంటే గట్టుండాలిగా? శూన్యంలో గట్టు దేనితో వేశారు? నేను సరేనంటేగానీ మనవరాలు ఏ నియమాన్నీ ఆట పుస్తకంలో ఎక్కించదు. అలా మూడు వారాలు ఆట ఆగిపోయింది. నా మొండితనమేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు శాస్త్రమనుకున్నాను.

బుధవారం సాయంత్రం గోడ అవతల కనిపిస్తే మళ్లీ అడిగాను. "గట్టు సంగతి ఏం చేశారు సరంగుగారూ?"

"దొరికిందండి టీచరుగారూ. రేపు చెప్తానండి."

ఏం దొరికిందో తెలియదు. వాళ్ల కోడల్ని అడిగాను, పడుకోబోయే ముందు ఏమైనా అన్నారా అని. "రెండు పుల్కాలు తిన్నారండి. ఇంకోటి వద్దన్నారు, అంతే" అంది పాపం. ఆయన నాకు చుట్టమూ కాదు, స్నేహితుడనే వయసులూ కావు మావి. వచ్చినవాళ్లు నన్ను పలకరించాలో, నేనే వాళ్లని పలకరించాలో తెలియక ఆ రోజంతా వాళ్ల వసారాలో చెప్పులు సర్దుతూ నిలబడ్డాను.

నిన్న ఆదివారం పిల్లలొచ్చారు. పాచికల డబ్బా ఎవరూ తెరవలేదు.

"అమ్మమ్మా, ఆ తాడు నియమం తీసేద్దామా?" అంది మనవరాలు.

"ఉంచు."

"మరి గట్టు దేనితో చేశారని రాయను?"

"తెలియదని రాయి."

అది నా తలవైపు చూసింది, ఏమైనా దెబ్బ తగిలిందేమోనని. ఆ జవాబుకి ముప్పై యేళ్లూ సున్నా వేసినదాన్ని మరి.

"మొదట ఎవరు దిగుతారు?"

"నేను."

వాళ్ల ఓడ ఒక చింతపిక్క. దానికి దారం చుట్టి, రెండో కొస నా చేతికిచ్చారు. నేను సరంగుగారి కుర్చీలో, ఆయన తిప్పుకున్నట్టే తిప్పుకుని, వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాను. గంటన్నర నోరు విప్పలేదు. నన్నెరిగినవాళ్లెవరూ నమ్మరు. వెనక నవ్వుకున్నారు, తగువాడుకున్నారు, పులిహోర తిన్నారు. లాకు దగ్గర ఎవరో దిగబోతుంటే ఇంకెవరో "చెక్క తడిగా ఉంది, చూసుకుని దిగు" అన్నారు.

కిటికీలోంచి చూశాను. కల్యాణమండపం గోడ కనిపించింది. గట్టు కనపడలేదు. దారం మాత్రం వేలికి కాస్త బిగువుగానే తగులుతోంది.