ఒక్క రోజు గడువు

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెబుతున్నాను. పాఠమంటే మరేం లేదు, వీడియో గేములు ఆడేవాళ్లు పంపే ఫిర్యాదులకు మర్యాదగా జవాబు ఎలా రాయాలో నేర్పడం. ఏ ప్రాంతంలో కొన్న గేము ఆ ప్రాంతంలోనే ఆడాలన్న నిబంధన దగ్గరికి వచ్చేసరికి, సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి చెయ్యెత్తింది. “మేడం, ఆట ఆయినె కొనుక్కున్నదే గదా. మీ తాన నడ్వదని బంద్ చేసుడు న్యాయమేనా?” అని అడిగింది. తెర మీద ఉన్న జవాబు చదివి వినిపించాను. ఒక్కో చోట ఒక్కో చట్టం, ఒక్కో ధర, ఒక్కో ఒప్పందం ఉంటాయనీ, హద్దులు ఉన్నందువల్లే ఇక్కడివాళ్లకు తక్కువ ధరకు ఇవ్వగలుగుతున్నారనీ. ఆ అమ్మాయి బుద్ధిగా నోట్సు రాసుకుంది. నా మాటలు ఆ పుస్తకంలోకి ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. సిగ్గుపడాల్సిన చోటే, కానీ ఏమీ అనిపించలేదు. మా బావగారు మాత్రం గుర్తొచ్చారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. కాకినాడలో పన్నెండేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి, మా ఆయన ఉద్యోగం వెంట ఈ ఊరొచ్చాను. గచ్చిబౌలిలో ఒక పెద్ద అద్దాల మేడ ఎనిమిదో అంతస్తులో మా ఆఫీసు. ఎక్కడో విదేశంలో ఉన్న గేముల కంపెనీ తరఫున, దాని ఆటగాళ్లకు మేం జవాబులు రాస్తాం. నేను జన్మలో ఒక్క గేమూ ఆడలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్లకు ఆ ముక్క చెబితే, ఆడేవాళ్లయితే పని మానేసి ఆడుకుంటారు, మీలాంటివారే కావాలన్నారు. నిజంగానే అన్నారో, నా వయసు చూసి ఊరడించారో ఇప్పటికీ తెలియదు. మొదట్లో పిల్లల జవాబుల్లో తప్పులు దిద్దేదాన్ని. తరువాత అందరూ వాడుకునే జవాబులు నేనే రాసి పెట్టడం మొదలైంది. ‘చింతిస్తున్నాము’ అన్న మాట ఎక్కడ పెడితే ఎదుటివాడికి కోపం తగ్గుతుందో, ఎక్కడ పెడితే పెరుగుతుందో నాకు బాగా తెలుసు. కాపీ దిద్దే చేతికి ఇంతకన్నా గొప్ప ప్రమోషన్ ఉండదని మా ఆయన ఎగతాళి చేసేవారు.

బావగారు మా ఆయనకు అన్నగారు. సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి జిల్లాల్లో ఆయన గొలుసు పట్టి కొలవని మెరక లేదు, పల్లం లేదు. మదీనాగూడలో ఫ్లాటు కొన్నప్పుడు టేపు పట్టుకుని ప్రతి గదీ కొలిచి, పడకగది రెండంగుళాలు తగ్గిందని బిల్డరుకు కాగితం రాసిచ్చిన మనిషి. బిల్డరు నవ్వి ఊరుకున్నాడు. బావగారు మాత్రం ఆ కాగితం నకలు ఫైలులో పెట్టుకున్నారు. అలాంటాయనకు అరవై ఆరో ఏట పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే తిరిగింది గానీ కుడిచేతి వేళ్లు మొండికేశాయి. రబ్బరు బంతి నొక్కమని వ్యాయామం చేయించేవాడు చెబితే, రెండు రోజులు నొక్కి, పసిపిల్లాణ్ణి చేశారా నన్ను అని బంతి సోఫా కిందికి దొర్లించేశారు.

కొండాపూర్‌లో ఉండే వాళ్లమ్మాయి ఆఫీసు పని మీద ఆర్నెల్లు సింగపూర్‌లో ఉండి వచ్చింది. వస్తూ వస్తూ ఒక గేము యంత్రం, అక్కడే కొన్న ఒక గేము తెచ్చింది. అందులో దీవులుంటాయి. అయిదుగురు జట్టుగా చేరి దీవి నుంచి దీవికి వంతెనలు కట్టి, రైలు పట్టాలు వేయాలి. బంతికి లొంగని వేళ్లు దీనికైనా లొంగుతాయేమోనని ఆ పిల్ల కంట్రోలర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మొదటి రోజు ఆయన చేసిందల్లా, ఎవరో వేసిన పట్టాల వాలు తప్పని తెర మీద కేకలేయడం. రెండో రోజు దాన్ని తనే సరిచేశారు. మా తోడికోడలు, నేను అక్కా అంటాను, ఉప్మా ప్లేటు ఆయన ముందు పెడుతూ అంది: “ముప్పై అయిదేళ్లు ఉన్న ఊళ్లు కొలిచారు. ఇప్పుడు లేని ఊళ్లు కొలుస్తున్నారు.” ఆయన వినిపించుకోలేదు. ఆ వానాకాలం అయ్యేసరికి చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం మొదలుపెట్టారు.

రోజూ పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆట. ఆయన జట్టులో ఆయన కాక నలుగురు, నలుగురిదీ నాలుగు దేశాలు. పేర్లు తెలియవు, పెట్టుకున్న మారుపేర్లే. ఒకావిడ బొమ్మ నెత్తిన లాంతరు ఉండేది, ఆమెను లాంతరావిడ అనేవారు. ఆవిడ ముసలిదో పడుచుదో మాకెవరికీ తెలియదు, బావగారు మాత్రం మనవలున్న మనిషేనని గట్టిగా నమ్మేవారు. మాటలు యంత్రమే తర్జుమా చేసేది, అదీ వంకరటింకరగా. ‘నా కుడిచెయ్యి నెమ్మది’ అని ఆయన రాస్తే అవతలివాళ్లకు ఏమని చేరిందో గానీ, ఆనాటి నుంచి బరువు పనులన్నీ వాళ్లే చేసి, కొలతలు మాత్రం ఈయనకు వదిలేవారు. మేం ఆదివారం వెళితే మావాళ్లు ఇలా అన్నారు, మావాళ్లు అలా కట్టారు అనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలెవరైనా మావాళ్లంటే ఎవరండీ అని అడిగితే అక్క గోడకున్న టీవీని చూపించేది.

ఇదంతా నడుస్తుండగానే మా ఆఫీసులో మీటింగు జరిగింది. మేం జవాబులు రాసే కంపెనీదే అయిన ఆ గేమును మన దేశంలో అమ్మే హక్కు ఒక స్థానిక సంస్థకు ఇవ్వబోతున్నారట. ధర బయటి దేశాల్లో కన్నా బాగా తక్కువ. ఆ ధరకు బయటివాళ్లు కొనుక్కోకుండా ఇక్కడి ఆటగాళ్లను ఇక్కడే విడిగా ఉంచుతారు. కొత్తది తెరిచేలోగా, వేరే ప్రాంతంలో కొని ఇక్కడి నుంచి ఆడుతున్నవారి ఖాతాలన్నీ మూసేస్తారు. వారం రోజుల్లో. డబ్బు తిరిగిస్తారు, కనుక ఎవరికీ నష్టం లేదన్నారు. జవాబు రాసే పని నాకిచ్చారు. మధ్యాహ్నం భోజనం లోపే రాసేశాను. నిజం చెప్పాలంటే బాగా రాశానని కూడా అనుకున్నాను. దీని జవాబులు మా ఆఫీసే రాస్తుందని బావగారికి తెలియదు గానీ, ఆయన ఆడేది ఈ గేమేనని నాకు తెలుసు. తెలిసిన సంగతి ఒక గదిలో, రాస్తున్న వాక్యం ఇంకో గదిలో ఉన్నట్టుండేది. ఆ వారం ఒక్కసారి కూడా ఫోను తీసి ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం, బస్సు వేళకు కాస్త ముందు, ఆయన అర్జీ నా ముందుకు వచ్చింది. పేరు చూడకముందే పోల్చుకున్నాను. గేము ఆడేవాళ్లెవరూ విషయం, సూచిక అని పెట్టి, అయ్యా అని మొదలెట్టి, కింద ‘చిత్తగించవలెను’ అన్న ధోరణిలో ముగించరు. ఇంగ్లీషులోనే రాశారు గానీ ప్రతి వాక్యం వెనకా తాలూకా ఆఫీసు బల్ల కనిపిస్తూనే ఉంది. ఖాతా మూయవద్దని ఆయన అడగలేదు. నిబంధన నిబంధనే అన్నారు. తనకు నోటీసు చేరేసరికే ఆటలోకి పోనివ్వడం లేదు కాబట్టి, ఒక్క రోజు తలుపు తెరిస్తే సహచరులకు చెప్పి వెళతానని మాత్రం రాశారు. పైగా మూడో వంతెన కొలతలు తన దగ్గరే ఉండిపోయాయనీ, వాటిని అప్పగించాల్సి ఉందనీ.

తెలిసినవాళ్ల అర్జీ అయితే పక్కవాళ్లకు ఇచ్చేయాలని మాకొక నియమం. మినహాయింపు అన్న గడి ఒకటి కూడా ఉంటుంది, దాన్ని నొక్కితే అర్జీ పై అధికారులకు పోతుంది. అది నొక్కే హక్కు ఆ అంతస్తులో ఇద్దరికే ఉంది. అందులో నేనొకదాన్ని. పక్కవాళ్లకు ఇవ్వలేదు, గడి నొక్కలేదు. పొద్దుట్నుంచి పంపుతున్న జవాబే ఆయనకూ పంపాను. మనవాళ్లకు చేస్తే పక్షపాతం అవుతుందనుకున్నానని తరువాత నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు మాత్రం ఏమీ అనుకోలేదు. వేలు ముందుకెళ్లింది, జవాబు వెళ్లింది, సంచి తగిలించుకుని బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, అది బాగా గుర్తుంది.

ఆదివారం మదీనాగూడ వెళ్లాం. టీవీ మీద అక్క ఒక గుడ్డ కప్పింది. బావగారు నా జవాబును ప్రింటు తీయించి ఫైలులో పెట్టుకున్నారు. భోజనాలయ్యాక అది తీసి నాకిచ్చి, నువ్వు ఇంగ్లీషు చెప్పినదానివి కదా చూడమన్నారు. “చాలా మర్యాదగా రాశారమ్మాయ్. ఎవరో బాగా చదువుకున్నవాళ్లు. ఒక్క తప్పు లేదు. కాకపోతే నేనడిగిందానికి జవాబు ఇందులో లేదు. పైవాళ్లకు మళ్లీ రాద్దామనుకుంటున్నాను, ఎవరికి రాయాలో నీకేమైనా తెలుస్తుందా?”

వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతోంది. మా ఆయన పేపరు చదువుతున్నారు. నేను కాగితం మడతపెట్టి, “అది నేనే రాశానండి బావగారూ” అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. “నాది చదివే రాశావా?”

“చదివే పంపానండి. చివరిదాకా చదివాను.”

మా ఆయన పేపరు దించారు. బావగారు కాగితం నా చేతిలోంచి తీసుకున్నారు. ఆయన కోప్పడతారని ఎదురుచూశాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. “అయితే ఇక పైవాళ్లకు రాయక్కర్లేదన్నమాట” అన్నారు. కాగితాన్ని ఫైలులో, బిల్డరు కాగితం పైన, తేదీ వరసలో పెట్టుకున్నారు. తరువాత కాఫీ తాగుతూ ఆయనే నన్ను ఊరడించడం మొదలెట్టారు. హద్దు గీయడం తప్పు కాదన్నారు. ఇక్కడివాళ్లకు చవగ్గా ఇవ్వాలంటే హద్దు ఉండాల్సిందే, అది తను ఒప్పుకుంటానన్నారు. తమ సర్వే రోజుల్లో హద్దు రాయి పాతే ముందు అక్కడున్నవాళ్లకు కబురు చెప్పి, సామాను తీసుకోనిచ్చి, అప్పుడు పాతేవారట. ఆ గడువు ఇస్తే న్యాయమే, ఇవ్వకపోతే కాదు, అంతే తేడా అన్నారు. నేను తలూపాను. కాఫీలో పంచదార ఎక్కువైంది.

సోమవారం పొద్దున్నే మా టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లాను. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, జనగామ వైపు మనిషి, మంచివాడు. సంగతంతా విని కంప్యూటర్లో వెతికాడు. “జర ముందుగాల చెప్తే అయిపోతుండె మేడం. ఒక్క రోజు అడిగెటోళ్లకు ఇయ్యుండ్రి అనే చెప్పిండ్రు పైకెల్లి. ఇగ ఇప్పుడు అకౌంటే లేదు, మొత్తం తీసేసిండ్రు.” అని, నా మొహం చూసి, పరేషాన్ కాకండి మేడం, ఆటే గదా అన్నాడు. అవునన్నాను. గడి నొక్కి ఉంటే చాలన్న సంగతి బావగారికి నేటికీ చెప్పలేదు.

మరుసటేడు ఇక్కడి గేము తెరిచారు. ధర నిజంగానే చవక. వాళ్లమ్మాయి కొనిచ్చింది. అందరూ మనవాళ్లే, చురుకైన పిల్లలు, చెవిలో గబగబా మాట్లాడుతూ వాలు చూడకుండా పట్టాలు వేసేస్తున్నారట. అంకుల్ జల్దీ అని ఒకరిద్దరు ప్రేమగానే అన్నారట. మూడు రోజులు ఆడి, కళ్లు మండుతున్నాయని ఆపేశారు. చెయ్యి ఎంత బాగుపడిందో అంతటితో ఆగింది. గుండీలు పెట్టుకుంటారు, సంతకం మాత్రం వంకరపోతుంది.

మొన్న ఆయన్ని కంటి డాక్టరుకు చూపించడానికి కొండాపూర్ తీసుకెళ్లాను. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఆఫీసు బస్సులు, బైకు టాక్సీలు కారును ఆనుకుని నిలబడ్డాయి. ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో మధ్యలో ఆపిన మాట అందుకున్నట్టు అన్నారు: “ఈపాటికి వాళ్లు నేను పోయాననుకుని ఉంటారమ్మాయ్. చెయ్యి బాగాలేదని రాశాను కదా. చెప్పకుండా మానేస్తే ఈ వయసువాళ్ల గురించి ఇంకేమనుకుంటారు? లాంతరావిడ నా పేరున ఒకరోజు పని ఆపించే ఉంటుంది.” గొంతులో ఫిర్యాదు లేదు. ఎవరి ఊళ్లో ఏ రోజు వాన పడిందో చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను అవునండి అన్నాను.

పచ్చ లైటు పడింది, కారు కదిలించాను. నాలుగు దేశాల్లో నలుగురికి ఆయన పోయి నాలుగేళ్లు, నా పక్క సీట్లో ఆయన డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. ఆ రెండు లెక్కలనూ ఒక్క రోజు దగ్గర విడదీసింది నేనే. ఇక అవి కలవవు, ఏటా ఒక్కో ఏడు చొప్పున రెండూ పెరుగుతూ పోతాయి.