బ్యాంకాక్ నదికి నేనిచ్చిన కానుక

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ పోగేస్తే మా నిడదవోలు జంక్షన్లో ఓ గూడ్సు బండి నిండుతుంది. ఆ బండికి ఇంజనులాంటిది ఒకటుంది. దాని దెబ్బకి ముగ్గురు పంతులమ్మలం పరాయి దేశంలో ఉండిపోవాల్సినంత పనైంది. నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. ఆ మిగతా ఇద్దరూ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఆ ఇద్దరూ సుజాత, కమల. ముగ్గురం ఒకే స్కూల్లో పాఠాలు చెప్తాం, ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకుంటాం. ఇంట్లోవాళ్ళని బతిమాలి, కాస్త బెదిరించి, ఆ వేసవిలో బ్యాంకాక్ వెళ్ళాం. నెత్తి మీద పరిగెత్తే రైళ్ళు, అంతు కనిపించని మాల్స్... తెరిచిన నోరు మూయడానికి తీరిక లేకపోయింది. కమల మాత్రం మధ్యమధ్యలో ఉలిక్కిపడేది. మేం టిక్కెట్లు కొన్నాక వాళ్ళమ్మాయి ప్రధానానికి తేదీ కుదిరింది మరి.

"ఆదివారం చర్చిలో ఉంగరాలు మార్చుకుంటారే. ఆ వేళకి తల్లి లేకపోతే మా పిల్ల మొహం ఎలా ఉంటుందో ఆలోచించండి."

"శనివారానికే ఇంట్లో ఉంటావు కదే తల్లీ! ఆ ఐస్‌క్రీం కారిపోతోంది, ముందది తిను" అనేదాన్ని నేను.

ఆఖరి రోజు సాయంత్రం విమానం. హోటల్ ఖాళీ చేసి, నది ఒడ్డున సామాన్లు దాచే కొట్లో మా బ్యాగు పెట్టాం. జేబుదొంగల భయంతో సుజాత మూడు పాస్‌పోర్టులూ అందులోనే అడుక్కి తోసింది. కొట్టు పెద్దావిడ మాకో గుండ్రటి రేకు బిళ్ళ ఇచ్చింది. అది చూపిస్తేనే బ్యాగు.

"ఇలా ఇవ్వండే, మీరైతే పారేస్తారు" అని దాన్ని నేనే పర్సులో వేసుకున్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఒక మనిషి మనకి సాయం చేస్తే నోరు తీపి చెయ్యకుండా కదలడం మా వైపు పద్ధతి కాదు. బ్యాగులోంచి ఆత్రేయపురం పూతరేకు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. పాపం, కాగితం చుట్టారనుకుని పొరలు ఒలుస్తూ కూర్చుంది. ఆ కాగితమే తినాలని నేను నమిలి చూపిస్తే, భయపడుతూ కొరికి, కళ్ళు పెద్దవి చేసింది.

తర్వాత అవతలి ఒడ్డున గుడి చూడ్డానికి పడవెక్కాం. ఇక్కడే మొదలైంది నా ఘనకార్యం. రాజమండ్రి బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే గోదారమ్మకి రూపాయి బిళ్ళ వెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వెడల్పాటి నీళ్ళు కనబడితే చాలు, నా చెయ్యి నన్నడక్కుండానే పర్సులోకి పోతుంది. పోయింది. కళ్ళు మూసుకున్నాను, మొక్కుకున్నాను, విసిరాను.

"ఏం మొక్కుకున్నావే పద్మా?" అంది కమల.

"చెప్తే తీరదు" అన్నాను గొప్పగా.

తిరిగొచ్చి కొట్టు ముందు నిలబడ్డాం. పర్సు దులిపాను. వాళ్ళ దేశపు చిల్లరంతా క్షేమంగా ఉంది.

"బిళ్ళేదే?" అంది సుజాత.

"ఉంటుంది, ఉండు."

"పద్మా, నా మొహం చూసి చెప్పు. ఇందాక నదిలో ఏం వేశావ్?"

"రూపాయే... అంటే, రూపాయి లాంటిదే."

"ఓసి నీ దుంపతెగా!"

పెద్దావిడ భోజనానికి వెళ్ళిందట. ఆవిడ కుర్చీలో ఓ కళ్ళజోడాయన కూర్చున్నాడు. "నో ట్యాగ్, నో బ్యాగ్" అన్నాడు. బతిమాలితే, "ఓకే, పాస్‌పోర్ట్ చూపించండి" అన్నాడు ఇంగ్లీషులో.

"పాస్‌పోర్ట్ బ్యాగులో ఉందండీ."

"పాస్‌పోర్ట్ చూపిస్తే బ్యాగు ఇస్తాను."

"బ్యాగు ఇస్తే పాస్‌పోర్ట్ చూపిస్తామండీ బాబూ!"

గానుగెద్దులా మాట అక్కడక్కడే తిరుగుతోంది. విమానం వేళ మాత్రం మా కోసం ఆగదు కదా! సుజాత నన్ను తిడుతూనే ఉంది. కమల మాత్రం మెట్టు మీద కూర్చుని, "మా పిల్ల ఎదురు చూస్తుందే" అంది మెల్లగా. అది కూడా తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది. పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను, అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

అంతలో పెద్దావిడ నోరు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది. గాల్లో కాగితం చింపినట్టు, నోట్లో పెట్టుకుని నమిలినట్టు అభినయించి పకపకా నవ్వింది. ఆయనతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. మరుక్షణం బ్యాగు మా ముందుంది! మిగిలిన పూతరేకులన్నీ ఆవిడ ఒళ్ళో పోసి, విమానాశ్రయానికి పరుగో పరుగు.

విశాఖలో దిగి రైలెక్కాం. రాజమండ్రి దాటి బ్రిడ్జి చప్పుడు మొదలవగానే నా చెయ్యి పర్సులోకి పోయింది. సుజాత మణికట్టు పట్టేసుకుంది.

"ముందు అరచెయ్యి చూపించు."

"రూపాయేనే బాబూ!"

"అక్కడేం మొక్కుకున్నావో చెప్పు. అప్పుడే వదుల్తా."

ఇంక తప్పలేదు. "మనం ముగ్గురం ఇలాగే ఇంకో రెండ్రోజులు ఇక్కడే ఉండిపోతే బాగుండునమ్మా అనుకున్నా" అన్నాను.

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "ఆ నదీతల్లి తీర్చేసేదే!" అని సుజాత అరిచిన అరుపుకి పై బెర్తాయన లేచి కూర్చున్నాడు.

"నా ప్రార్థనకి చిల్లర అక్కర్లేదమ్మా" అని ఎన్నేళ్ళుగానో నన్ను ఆటపట్టించే కమల, నా చేతిలో రూపాయి తీసుకుంది. కళ్ళు మూసుకుని కిటికీలోంచి విసిరేసింది.

"నువ్వేం అడిగావే?" అన్నాను.

"నువ్వడిగిందే" అంది కమల. "కాకపోతే పాస్‌పోర్టులు ఒళ్ళో పెట్టుకుని అడిగా."

గోదారమ్మ సాక్షిగా ఆ బ్రిడ్జి మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై ఏ దేశంలో ఏ నది ఎదురైనా, చేతిలో ఉన్నదేమిటో కళ్ళు తెరిచి చూసుకుని, వీళ్ళిద్దరికీ చూపించి, ఇద్దరూ సరేనన్నాకే విసురుతాను. మొక్కు మాత్రం మార్చను.