ఎర్రనీళ్లు అరవైకి చేరితే

మా బావ పోయాడు. పోయిన నెల, ఆదివారం ఆరాధనకు చొక్కా వేసుకుంటూ గుండె పట్టుకుని మంచం మీద కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. అక్క ఫోన్ చేసి, "మీ బావ ప్రభువు దగ్గరికి పోయినాడు మే" అని కాసేపు ఏడ్చింది. తర్వాత, "మబ్బు పట్టుండాది. షెడ్డు కారతది, విమానం మీద పట్ట కప్పలేదు. వాన రాకముందే మీ ఆయన్ని బిన్నా పంపించు" అన్నది. ఏళ్ల తరబడి ఆ విమానాన్ని సవతి అని తిట్టిపోసిన మనిషి!

అవును, విమానమే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ మోటార్లు బాగుచేసే మా బావ, ఇంటి వెనక రేకుల షెడ్డులో అల్యూమినియం గొట్టాలతో, గుడ్డ రెక్కలతో రెండు సీట్ల విమానం కట్టుకున్నాడు. ఇంజను కొన్నాడు గానీ తక్కినదంతా చేతిపనే. చిన్నపిల్లల దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా "ఎప్పుడు లేస్తది?" అని అడగనివాళ్లు లేరు. "కాగితం రానీ" అనేవాడు. ఎగరడానికి అనుమతి కాగితం. అది వచ్చేదాకా చక్రం నేల విడవకూడదని ఆయన పట్టు.

"ఒక్కసారి లేపు బావా, ఎవరు చూడొచ్చారు?" అనేదాన్ని నేను.

"పైనుండే దేవుడు చూస్తాడు, కిందుండే మీ అక్క చూస్తది. నాకు ఆమంటేనే భయం" అని నవ్వేవాడు.

వేగం చూపే మీటరు కూడా సొంతంగా చేసిందే. కొత్త సెలైన్ గొట్టం ఒకటి తెచ్చి, చెక్క మీద ఏటవాలుగా బిగించి, అందులో మా అక్క మిఠాయిల్లో వేసే ఎర్రరంగు నీళ్లు పోశాడు. గొట్టం రెండో కొస విమానం ముక్కు దగ్గర గాలికి ఎదురుగా ఉంటుంది. గాలి తోసేకొద్దీ ఎర్రనీళ్లు పైకి పాకుతాయి. గుర్తులు పెట్టుకోవడానికి మా కారే దొరికింది ఆయనకు. వెంకటాచలం దగ్గర హైవే మీద మా ఆయన కారు నడుపుతుంటే, బావ ఆ కొసను కిటికీలోంచి బయటపెట్టి "ఎంత?" అని అరిచేవాడు. ఈయన స్పీడు చెప్పగానే నేను నా గోళ్ల రంగుతో చెక్క మీద గీత గీయాలి. అరవై దగ్గర మాత్రం లావుపాటి గీత గీయించాడు. నీళ్లు అక్కడికి చేరితే విమానం నేల విడుస్తుందట. నా రంగు సీసా మొత్తం ఊడ్చేశాడు, దొంగ బావ.

సాయంత్రం పని నుంచి రాగానే మంచినీళ్లలో గుడ్డ ముంచి ప్రతి బోల్టూ తుడిచేవాడు. ఆదివారమైనా వదిలెయ్యరాదా అని నేనంటే, "ఉప్పుగాలికి ఆదివారం సెలవుందా మరదలా?" అనేవాడు. కందిరీగలు మట్టిగూడు కట్టకుండా గొట్టం మూతికి పెన్ను క్యాపు తొడిగేవాడు.

తుడవడం అయ్యాక విమానం ముక్కు సముద్రం వైపు తిప్పి, ఆ క్యాపు తీసి, ఇంజను వేయకుండానే ఎడమ సీట్లో కూర్చునేవాడు. ఉత్త సముద్రపు గాలికే ఎర్రనీళ్లు కదిలేవి.

"రామ్మే, కూర్చో" అని అక్కను పిలిచేవాడు. "నేను ముందుకు చూడాల, నువ్వు అంకెలు చదవాల." గొట్టాన్ని కుడి సీటుకు ఎదురుగా బిగించింది అందుకే.

"లేచిన రోజు కూర్చుంటాలే! నేల మీదుండే దాంట్లో కూర్చుని ఏం చూసేది?" అని అక్క వంటింట్లోంచే కేకేసేది.

రోజూ ఇదే వరస, వెళ్లినప్పుడల్లా మాకు నవ్వులాట. ఆ పిలుపులో ఎంత ఆశ ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడే తెలిసుంటే అక్కను రెక్కపట్టి లాక్కెళ్లి కూర్చోబెట్టేదాన్ని కదా! కాగితం రానేలేదు. ఆయన వెళ్లిపోయాడు.

జ్ఞాపకార్థ కూడిక అయిన సాయంత్రం అక్క ఎక్కడా కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే షెడ్డు దగ్గర ఉంది. విమానం సముద్రం వైపు తిరిగి ఉంది. అప్పుడే తుడిచినట్టుంది, రెక్కల కింద గొట్టాలు ఇంకా తడిగానే ఉన్నాయి. పెన్ను క్యాపు తీసి కొంగున ముడేసుకుని, కుడి సీట్లోకి ఎక్కి కూర్చుంది. మైపాడు తీరం వైపు నుంచి గాలి బాగానే వీస్తోంది. నన్ను చూసింది గానీ దిగలేదు. గొట్టం మీదే చూపు పెట్టి, పక్క సీటుకు వినబడేలా గట్టిగా చదవసాగింది.

"ఇరవై... ఇరవై అయిదు... ముప్పై..."

గాలి తగ్గింది. నీళ్లు కిందికి జారాయి.

"ఉండయ్యా" అన్నది అక్క. "ఇంకో గాలి రానీ. చదువుతా."