బూడిద జంటకు నల్లపిల్ల

మొన్న తిరుపతిలో ఫ్యాన్సీ కోళ్లు అమ్మే దుకాణం ముందు తడి తవుడు వాసనకు పలమనేరులోని మా పెరడు గుర్తొచ్చింది.

నాయన అక్కడ అలాంటి కోళ్లనే ముచ్చటపడి పెంచేవాడు. పుంజు, పెట్ట రెండూ బూడిద రంగువే. ఒకసారి వాటి పిల్లల్లో ఒకటి మాత్రం కారునలుపుగా పుట్టింది.

మా ఇంట్లో అమ్మ, నాయన, అన్న అందరూ తెలుపు. నేనొక్కదాన్నే నలుపు. "ఈ బిడ్డ యాడిదో ఏమో" అని అవ్వ నవ్వేది. నేను నిజమే అనుకునేదాన్ని.

అందుకే ఆ నల్లపిల్లను గౌనులో దాచుకుని తీసుకెళ్లి, పక్కింటి నల్లపెట్ట దగ్గర వదిలాను. వాళ్లమ్మ దగ్గరికి చేర్చానని సంతోషపడేలోపే ఆ పెట్ట దాన్ని నెత్తురొచ్చేలా పొడిచింది.

నాయన పరుగున వచ్చి పిల్లను అరచేతిలోకి తీసుకున్నాడు. ఎందుకిలా చేశావని అడగలేదు. "ఇది మనదే పాపా. బూడిద జంటకు నల్లవి గూడా పుడతాయి. ఆ రంగు లోపల్నే దాక్కోని ఉంటాది" అన్నాడు, నావైపే చూస్తూ.

కోడిపిల్ల సంగతే చెబుతున్నాడనుకున్నాను. ఆ వేసవంతా సాయంత్రాలు అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని, బంగారుపాళ్యం బస్సు దిగే నల్లటి ఆడవాళ్ల ముఖాలు చూసేదాన్ని, వీళ్లలో నన్ను తీసుకుపోవడానికి వచ్చిన అమ్మ ఎవరా అని.