మా ఉప్పులో ఆగిపోయిన ఎలక్ట్రాన్లు

మా ముందు గదిలో గాజు పెట్టెలో పిడికెడంత సైంధవ లవణం ముక్క ఉంటుంది. ఉప్పు టోకు వ్యాపారంలో మా తాత సంపాదించినదంతా పోగా మిగిలింది అదొక్కటే. దబీర్‌పురాలో ఇప్పుడు మేముండేది అద్దె ఇల్లు. అయినా ఎవరొచ్చినా బాపు ముందు ఆ పెట్టే చూపిస్తాడు.

"అద్దం లెక్క లేదా? ఇసుమంత మలినం లేదు. మా ఉప్పు గట్లుండేది."

నేనూ ఆ మాట నమ్మే పెరిగాను. అందుకే, అతి చలిలో ఉప్పు స్ఫటికాల గుండా ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో కొలిచే పని మా ప్రయోగశాలకు వచ్చినప్పుడు, అక్కడ శుద్ధమైన ఉప్పుతో పెంచిన స్ఫటికం పక్కన మాదీ పెట్టాలని పట్టుబట్టాను. బ్లేడు ఆనించి తడితే పలుచటి పలక నున్నగా విడివడింది. బాపు దాన్ని తన చేత్తోనే ఇచ్చాడు.

ఉప్పులో ఎలక్ట్రాన్ ఒంటరిగా నడవదు. ధన అయాన్లు దానివైపు ఒరుగుతాయి, రుణ అయాన్లు పక్కకు జరుగుతాయి. ఆ ఒంపునంతా అది వెంట ఈడ్చుకుపోవాలి. వేడికి అయాన్లు అదురుతూ దాన్ని దారి తప్పిస్తాయి. బాగా చల్లబరిస్తే ఆ అదురు అణుగుతుంది. అప్పుడిక దానికి అడ్డు పడేది లోపలి మలినమే.

ద్రవ హీలియం చలిలో, ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతున్నాయో చూపే గీత, పెంచిన స్ఫటికానిది, తెర మీద నిటారుగా లేచింది. మాది కొంచెం లేచి, అక్కడే పడుకుంది. తీగలు మార్చి చూశాను. అదే గీత.

పక్కన పనిచేసే అమ్మాయిది ధూల్‌పేట్‌లో పాలు అమ్మే ఇల్లు. "తీగల తప్పేం లేదన్నా," అంది. "మీ ఉప్పులనే మస్తు మలినం ఉంది. మా పాలల్ల నీళ్లున్నయని నవ్వింది మీరే కదా?"

కంటికి అద్దంలా కనిపించే దానిలో ఇంత ఉందా?

ఇంటికి వచ్చేసరికి బాపు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. "ఏమన్నది మన ఉప్పు?"

"మలినం ఉంది బాపూ. ఎవరో చేసిన కల్తీ కాదు, భూమిలోనే కలిసింది."

"మీ తాత ఉప్పు అమ్మింది మనుషులకు రా, ఎలక్ట్రాన్లకు కాదు," అన్నాడు. నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగాను.

సాయంత్రం పక్కింటి పెద్దాయన తన చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చాడు. "ఆ ఉప్పు జర మావోనికి చూపియ్ భాయ్."

బాపు కుర్చీలోంచి లేవలేదు.

"అది ఉత్త ఉప్పే భాయ్. కూసోండ్రి, చాయ్ తాగుదురు."

బాపు నోట 'ఉత్త ఉప్పు' అన్న మాట నేనెన్నడూ వినలేదు. చాయ్ చెప్పడానికి లోపలికి వెళ్లవలసినవాణ్ణి, గడప దగ్గరే నిలబడిపోయాను.