షిఫ్టు బస్సు హారను

ముందే ఒప్పుకుంటున్నాను: ఉల్లిపాయని గుమ్మడికాయ చేసి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. తరుగు మీరే తీసుకుని చదువుకోండి.

ఈ సాయంత్రం కంచరపాలెం మలుపులో మా స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సు హారను మోగింది. ఆ మోతకి రేవులో ఓడలు లంగర్లు తెంచుకుంటాయి, శ్రీకాకుళంలో చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. నా కాళ్లు మాత్రం లేచి నిలబడ్డాయి. ఆ స్టాపు నాది కాదు, సత్యవతి మేడంది.

ఆవిడ ఒకప్పుడు ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో మాకు జువాలజీ చెప్పారు. నా బుర్రకి పాఠం ఎక్కించడంకన్నా తిమింగలాన్ని సిటీబస్సు ఎక్కించడం తేలిక. అయినా ఒక పాఠం ఎక్కింది. "ఒరే, సేపలు ఒడ్డున పడ్డాక వచ్చే సంబరం చిన్నది. దూరంగా పడవ కనబడుద్ది సూడు, అప్పుడు మెదడులో ఉరకలేసేది డోపమైన్. తీరా పడవ ఖాళీగా వస్తే అది మామూలుకన్నా కిందికి పడిపోద్ది. అదే దిగులు."

చాలా ఏళ్ల తర్వాత, ఆవిడ భర్త పోయారు. ఆయనదీ మా ప్లాంటే. ఆయన రోజూ ఇంటికొచ్చింది ఈ బస్సులోనే. ఆయన పోయాక కూడా హారను మోగేసరికి మేడం గేటు దగ్గర నిలబడి ఉండటం కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక దిగాను.

"ఎవరికోసం మేడం?"

"మనిషి పోయాడని నాకు తెలుసురా. మెదడుకే ఇంకా కబురందనేదు. హారను ఇంటే సాలు, కాళ్లు గేటుకొచ్చేత్తన్నాయి. బస్సెల్లిపోయాక సూడు, అదే దిగులు."

"మందులుంటాయి కదా?"

"ఏసుకుంటన్నాను. మందు మనిషిని నిలబెడద్ది గానీ, బస్సులోంచి మనిషిని దింపదు కదరా సన్నాసీ!"

పాపం, ఆవిడ ఒంటరితనానికి నేనే మందునవుదామని మర్నాటినుంచి అక్కడే దిగడం మొదలుపెట్టాను. "ఏటి బావా, జువాలజీ మల్లీ సదూతన్నావేటి?" అని డ్రైవరు అప్పలరాజు వేళాకోళం. "మల్లీ దిగావూ? నీకు కొంప లేదేటిరా?" అని మేడం చీవాట్లు. చీవాట్లతోపాటు అల్లం టీ. ఆ ఘాటుకి యారాడ కొండ తుమ్మేది. కొన్నాళ్లకి నేను గమనించింది ఒకటుంది: హారను వినగానే ఆవిడ గేటుకి రావడం మానేసి, పొయ్యి వెలిగించేవారు.

పోయిన వానాకాలంలో మేడం కూడా పోయారు. ఇవాళ గేటుకి తాళం. దిగి, దాని ముందు నిలబడ్డాను. అప్పలరాజు బస్సు కదపలేదు, హారను కొట్టలేదు. "ఎక్కీ బావా," అన్నాడు మెల్లిగా.

ఓడలు, చంటిపిల్లలు, కొండ తుమ్ములు మీరెలాగూ పట్టేసుకుంటారు. అవి అలంకారాలు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆవిడ కోసం దిగానన్నది. మా ఇంట్లో తలుపు తీసే మనిషి అప్పటికే లేదు. ఆ అల్లం వాసన తలచుకునే నా కాళ్లు స్టాపుకి ముందే లేచేవి.

రేపూ లేస్తాయి. మెదడుకి ఇంకా కబురందలేదు. అందించడానికి నాకూ తొందరేం లేదు.