శుభ్రంగా ఉన్న ముసలాయన

మా మేనత్తను వీధంతా తుఫానమ్మ అంటారు. ఆవిడ మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో గోడ గడియారాలు ఐదు నిమిషాలు ముందుకు జరుగుతాయి. నమ్మకపోతే మీ ఖర్మ. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, అబద్ధమాడేంత చదువు నాకెక్కడిది?

లేవలేని పేద ముసలివాళ్లను ఆశ్రమాల్లో పడేయకుండా వాళ్లింట్లోనే చూసుకోవడానికి సంక్షేమ ఆఫీసు మనుషుల్ని పంపుతుంది. అత్త పని అదే. మూడో అంతస్తు టైలరు తాతకు పదకొండేళ్లుగా రోజూ మూడు గంటలు: ఒళ్లు తుడవడం, గడ్డం గీయడం, మందులు మింగించడం, పడిపోయిన ఎడమ కాలితో నాలుగడుగులు వేయించడం. ఆయనకు నా అన్నవాళ్లు లేరు. అత్త రాకపోతే ఆశ్రమమే గతి.

ఏడాదికోసారి ఆఫీసు మేడమ్ వచ్చి, సాయం ఇంకా కావాలో లేదో చూసిపోతుంది. ఈసారి కొత్తావిడ. అత్త చేసిన ఘనకార్యం వినండి. ఇంటికి చుట్టం వస్తున్నట్టు పొద్దున్నే వెళ్లి నేల అద్దంలా తుడిచింది. తాతకు తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి, పెళ్లికొడుకులా కూర్చోబెట్టింది. తాతేమైనా తక్కువ తిన్నాడా, గుండ్రాయిలా ఉన్నానని కోతలు కోశాడు. మేడమ్ పది నిమిషాలుండి వెళ్లింది. వారానికి ఉత్తరం దిగింది: మనిషి శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నాడు, సాయం అవసరం లేదు, నెలాఖరుతో ఆపేస్తున్నాం.

ఆ శుభ్రం కుర్చీలోంచి మొలిచిందనుకున్నారు కాబోలు మహానుభావులు.

అత్త ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే మళ్లీ చూస్తామన్నారు. ఈసారి ఏమీ సర్దొద్దని అక్కడి గుమాస్తా చెవిలో వేశాడు. అందుకని ఆ పొద్దున అత్త లోపలికి పోకుండా, చేతులు చంకల్లో బిగించుకుని మెట్ల మీద కూర్చుంది. పక్కన నేను లేకపోతే ఆ తలుపు విరిగేదే.

ఆ మేడమే వచ్చి, తలుపు బార్లా తీసి లోపలికి వెళ్లింది. మాసిన చొక్కాలో, చెదిరిన జుట్టుతో ఉన్న తాతను లేవగలరా అని అడిగింది. లేవగలనన్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించాడు. మేడమ్ ఫారం మీద కలం పట్టుకుని చూస్తూనే ఉంది. నాలుగోసారి ఆయన పక్కకు ఒరిగాడు.

అత్త ఎప్పుడు లోపలికి దూకిందో నాకే తెలియలేదు. ఆయన్ను చంకల కింద పట్టి నిలబెట్టి, మేడమ్ వైపు తిరిగింది.

"రాసుకోండి మేడమ్. ఆయన లేవలేదు, నేను లేపాను. రెండూ వేరే వేరే గడుల్లో రాయండి."

"ఇందులో ఒక్క గడే ఉందమ్మా."

"అయితే వెనక్కి తిప్పి రాయండి."

మేడమ్ కాగితం తిప్పింది.

సాయం ఇంకో ఏడాది ఉంటుందట. వచ్చే ఏడాదికి ఆ కాలికి ప్రాణమొస్తుందేమో మరి, వీళ్ల లెక్కన.

మేడమ్ మెట్లు దిగాక తాత అత్త మొహం చూడలేదు.

"ఇంకోసారి నన్నిలా పరాయివాళ్ల ముందు కూర్చోబెట్టకే తల్లీ. ఆశ్రమానికైనా పోతాను" అన్నాడు.

అత్త ఆయన ఒళ్లు తుడవడానికి నీళ్లు పెట్టింది. అంత నోరున్న మనిషి, పిల్లిలా నడిచి ఇస్త్రీ చొక్కా తీసింది.